శ్రాద్ధాల లోపు పంపాల్సిన వాల్వు

ఫరీదాబాద్,
ఆదివారం.

శీనన్నకి, నీ చెల్లెలు ఉష కోపంతోనే పెడుతున్న నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. అక్కడ అమ్మ, నాన్న, వదిన, చిన్ని అందరూ కులాసా అని తలుస్తాను. నీ క్షేమం మాత్రం ఈసారి అడగను. నీ క్షేమం కోసమే పోయిన వారమంతా అందరి చేతా తిట్లు తిన్నాను. అందులో నీ తిట్లూ ఉన్నాయి. ఫోన్లో కడిగేద్దామంటే నువ్వు నా మాట పూర్తి కానివ్వవు. "సరేలేవే, సరేలేవే" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను. వదినా, ఇది నువ్వు కూడా చదవాలి, అందుకని మొదటి నుంచీ రాస్తున్నాను.

ఇక్కడ వానలు పోయినా ఉక్క పోలేదు. కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. మెస్‌లో రాజ్మా గిన్నె మూత తీస్తే ఏడుపొస్తోంది. నాతో గదిలో ఉండే సునీత వాళ్ళ ఊరెళ్ళింది. తెలుగులో తిట్టుకుందామన్నా ఎదురుగా మనిషి లేదు. అయినా బెంగపడొద్దని అమ్మకి చెప్పు. వేళకి తింటున్నాను, బాగానే ఉన్నాను.

అసలు సంగతికొస్తాను. మా కంపెనీలో చేసే వాల్వు అరచేతిలో పట్టేంత ఉంటుంది. శాటిలైట్ లోపల ఇంధనం ట్యాంకుకీ చిన్న ఇంజన్లకీ మధ్య కూర్చుంటుంది. వదినా, రాకెట్ ఎగరడానికి ముందు ఆ ట్యాంకు నింపేది అన్నయ్య వాళ్ళ జట్టు. ఆ ఇంధనం ఆవిరి ఒక గుక్క లోపలికి పోయినా ఊపిరితిత్తులు పాడవుతాయనీ, అందుకే గాలిగొట్టం తగిలించిన గోనెసంచి లాంటి సూటు వేసుకుని దగ్గరికెళ్తామనీ నాకు చెప్పింది నువ్వే కదన్నా. మరి వాల్వు కారితే ముందు దాని పక్కన ఉండేదెవరు? ఢిల్లీలో ఉన్న మంత్రిగారా? నువ్వే!

వాల్వు మూసి, ఒకవైపు హీలియం గ్యాసు నింపి, ఒక పగలూ ఒక రాత్రీ అలాగే ఉంచాలి. మీటరు మీద సూది కదలకపోతే బాగున్నట్టు. బాగుందని సంతకం పెట్టేది నేను. ఎనిమిది రోజుల కిందట, శనివారం, గ్యాసు నింపిన కాసేపటికే సూది వెంట్రుకవాసి కిందికి జారి ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చూడాలన్నాను. మా యజమాని లాలాజీకి అక్కడే మండింది. ఎందుకంటే సోమవారం నుంచి శ్రాద్ధాలు, మనం మహాలయ పక్షాలంటామే, అవే. ఆ రోజుల్లో కొత్త సరుకు గేటు దాటకూడదని వాళ్ళమ్మగారి ఆజ్ఞ.

"అరే బేటీ, సూయీ రుక్ గయీ నా! సైన్ కర్ దో" అన్నాడు. సూది ఆగిందిగా, సంతకం పెట్టెయ్యమని.

"నహీ లాలాజీ" అని వాల్వు టెస్ట్ రూములోనే వదిలి తాళం వేసుకుని వచ్చేశాను. చచ్చిపోయిన తాతలకు కోపమొస్తుందని ఆయనకి భయం. బతికున్న మా అన్న గురించి మాత్రం ఏ భయమూ లేదు.

మర్నాడు ఆదివారం. నోరు చచ్చిపోయిందని బస్సెక్కి ఢిల్లీ అశోకా రోడ్‌లో మనవాళ్ళ క్యాంటీన్‌కి భోజనానికెళ్ళాను. పప్పులో నెయ్యి వేసుకుని కలుపుతుంటే నీ ఫోను.

"ఏందే ఉషా, లాలాజీ ఫోన్ చేసినాడు. ఆయన్ని ఎందుకట్లా ఏడిపిస్తుండావు? నా మాట మీద ఇచ్చిన ఉద్యోగం అది."

"సూది జారిందన్నా."

"జారితే జారిందిలే. ఈడికొచ్చినాక మేం మళ్ళా చూస్తాం గదా. సంతకం పెట్టేసెయ్."

ఏమన్నా, నువ్వేనా ఆ మాట అన్నది? లాలాజీ "అక్కడ వాళ్ళు చూసుకుంటారు" అంటాడు. నువ్వు "ఇక్కడ మేం చూస్తాం" అంటావు. తీరా అక్కడ చూడాల్సిన మీవాళ్ళేమో "ఫరీదాబాద్‌లో చూసే పంపుంటారులే" అనుకుంటారు. ఊరంతా పాలు పోస్తారులే అని తలా ఒక చెంబు నీళ్ళు పోశారట, అలా ఉంది మీ వరస. లాలాజీ ముందు నీ మాట పోకూడదని, నీ ప్రాణం మీదకి తెచ్చే పని నా చేత చేయించబోయావు. సిగ్గుందా? ఆ రోజు కలిపిన అన్నం అలాగే వదిలేసి లేచి వచ్చాను.

సోమవారం మళ్ళీ గ్యాసు నింపాను. సూది మళ్ళీ జారింది. గొట్టం పొడుగునా సబ్బునీళ్ళు రాసుకుంటూ పోతే, వాల్వు దగ్గర కాదు, మా గొట్టానికున్న నట్టు దగ్గర బుడగలొచ్చాయి. అది బిగించి మళ్ళీ మొదలుపెట్టాను. లాలాజీ తలుపు దగ్గర నిలబడి "బహుత్ బడీ సైంటిస్ట్ బన్ గయీ!" అని, పెద్ద సైంటిస్టునైపోయానని వెటకారం. మంగళవారానికి సూది ఉన్నచోటే ఉంది. వాల్వు నిక్షేపంగా ఉంది. అప్పుడు సంతకం పెట్టాను. వర్క్‌షాపులో అందరూ నవ్వారు, నవ్వనీ. ఈలోగా మీవైపు నుంచి సరుకేదీ అని ఫోన్లు మొదలయ్యేసరికి వాళ్ళ పితృదేవతలు కూడా సర్దుకున్నారు. నిమ్మకాయ కట్టి, కొబ్బరికాయ కొట్టి, శ్రాద్ధాల్లోనే పెట్టె లారీ ఎక్కింది. ఆ కాస్త దానికా నన్ను అంత తొందరపెట్టింది!

అంతవరకూ ఓర్చుకున్నాను. ఆ సాయంత్రం నువ్వు ఫోన్ చేసి ఏమన్నావు? "చూస్తివా, వాల్వు బాగానే ఉండింది గదా. ఊరికే రచ్చ చేస్తివి."

బాగానే ఉందని మంగళవారం తెలిసిందన్నా! సంతకం పెట్టమన్న ఆదివారం నాడు నీకు తెలుసా? నాకు తెలుసా? లాలాజీకి తెలుసా? ఎవరికీ తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయమన్నావు. అది కారుతూ ఉంటే ఇప్పుడు నువ్వు నాకు ఫోన్ చేసి వెక్కిరించేవాడివా? వదినా, నువ్వే చెప్పు.

చిన్నికి సరోజినీ నగర్‌లో గౌను కొన్నాను, పసుపుపచ్చది. కొలత తెలియక కాస్త పెద్దదే తీసుకున్నాను. వచ్చేవాళ్ళుంటే కాకరకాయ కారం పంపమని అమ్మకి చెప్పు. వెల్లుల్లి ఎక్కువ వెయ్యమను.

ఇంకొక్క మాట. ఒకటో తారీఖు నుంచి నన్ను టెస్ట్ రూములోంచి ప్యాకింగ్‌కి మారుస్తున్నారు. జీతం అదే, అమ్మకి ఈ ముక్క చదవకు. నా కుర్చీలో లాలాజీ మేనల్లుడు కూర్చుంటాడు. వాడికీ సూది చూడటం వచ్చు. కానీ వాడి అన్న ఎవడూ సూటు తొడుక్కుని ట్యాంకు పక్కన నిలబడడు. ఇప్పుడొచ్చే వాల్వు దగ్గర ధైర్యంగా నిలబడు, అది కారదు. దాని తర్వాత వచ్చే వాటి మీద నా సంతకం ఉండదు. వాటికి మళ్ళీ గ్యాసు నింపి సూది నువ్వు చూడందే, నీ కళ్ళతో నువ్వు చూడందే, ఎవరు తొందరపెట్టినా దగ్గరికి వెళ్ళకు. ఆఖరికి మీ పెద్ద ఆఫీసరు చెప్పినా సరే.

అమ్మకీ నాన్నకీ నా పాదనమస్కారాలు. నన్ను దీవించమను. వదినని అడిగానను, చిన్నికి ముద్దులు. నువ్వు నన్ను దీవించక్కర్లేదు, ఫోనూ చెయ్యక్కర్లేదు. ముందు నువ్వు నిండు నూరేళ్ళూ బతికి ఏడువు.

ఇట్లు,
నీతో మాట్లాడని నీ చెల్లెలు,
ఉష