పాదాలు వచ్చినాక చెప్పు

ఆదివారం, నంద్యాల

ఈరోజు ఆళ్లగడ్డ పోయి శిల్పి వీరన్నను చూసి వచ్చాను. చూపు దాదాపు పోయింది. కంటి ఆపరేషన్ మాటెత్తితే లేచి లోపలికి పోతాడు. ఇంత మొండి మనిషేంటో!

నంద్యాలలో మా నెట్ సెంటర్ ఉన్న రోజుల్లో విగ్రహాల ఫోటోలు చూసుకోవడానికి బస్సెక్కి వచ్చేవాడు. విండోస్ 98, డయలప్. మోడెమ్ కాసేపు కీచుమని అరిచాక ఫోటో పైనుంచి గీత గీతగా దిగేది. నుదురు దాకా రాగానే వీరన్న తువ్వాలుతో తెర మూసేసేవాడు.

"కండ్లు ఆఖర్న తెరవాలమ్మా, ముందే తెరిస్తే ఎట్ల? పాదాలు వచ్చినాక చెప్పు."

రాయి చెక్కేటప్పుడు శిల్పుల పద్ధతి అదే, విగ్రహం కళ్లు అన్నిటికన్నా చివర్న చెక్కుతారు. నాకేమో లోపల్లోపల నవ్వు.

ఇవాళ, అవుకు గుడిలో నిలబెట్టిన ఆయన చివరి విగ్రహం ఫోటో నా ఫోన్‌లో చూపించాను. రెప్పపాటులో మొత్తం వచ్చేసింది. ఆయన కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు.

"ఏం కనపడలే. మీ పాత నెట్ మాదిరి పైనుంచి నిదానంగా చెప్పమ్మా."

కిరీటం చెప్పాను. నుదురు చెప్పాను. ఇంకా కిందికి చెప్పబోతుంటే, భుజం మీది తువ్వాలు తీసి ఫోన్ మీద కప్పాడు.