నాయన బుగ్గలో బెల్లం గడ్డ

బుధవారం, రాత్రి

నాయనకు కుడి పక్క రెండు దవడ పళ్లు పీకించి నాలుగు రోజులైంది. ఆ రోజు పళ్ల డాక్టరమ్మ లైటు వేసి చూసి, "ఎడమ పక్క బాగానే ఉన్నాయే, కుడి పక్కే ఎందుకిట్లా పుచ్చిపోయాయి?" అని అడిగింది.

"గొర్ల ఎంబడి పోయేటప్పుడు ఆ బుగ్గలోనే బెల్లం గడ్డ పెట్టుకుంటానమ్మా. ఎండకు నోరెండిపోకుండా ఉంటాది," అన్నాడు నాయన.

పొద్దంతా తీపి అంటుకుని ఉంటే పళ్లు పుచ్చక ఏమవుతాయని ఆమె గట్టిగానే చెప్పింది. నాయన బుద్ధిగా తలాడించాడు.

ఈ సాయంత్రం గొర్రెలను దొడ్లోకి తోలి ఇంట్లోకి వచ్చాడు. కుడి బుగ్గ వాపు తగ్గింది. ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది.

"ఆ పక్క గూడా నొప్పా నాయనా?"

"నొప్పేం ల్యాదు. డాక్టరమ్మ చెప్పినట్లే కుడి పక్క పెట్టుకునేది మానేసినా కదా."

ఒళ్లు మండిపోయింది. "బెల్లమే మానుకోమనింది నాయనా! నీళ్లు తాగరాదా?"

"బాటిల్ నీళ్లు మద్యాన్నానికే అయిపోతాండాయి. వంకలో చుక్క ల్యాదు. నోరెండిపోతే గొర్లను ఎట్ల పిలిచేది, నువ్వే చెప్పు."



ఇందాక రేపటికి ఆయన తువ్వాలు కొసన బెల్లం ముడేసింది నేనే. రోజూ వేసే గడ్డలో సగమే వేశాను. ముడి విప్పి చూసుకుంటే ఏమంటాడో...