మడమ దగ్గరి రబ్బరు ముక్క

అక్కా,

నేను క్షేమమే. కుడి మణికట్టు బెణికింది, అక్షరాలు వంకర పోతే కంగారుపడకు.

స్కేట్ల మీద నా ఫోటో చూసి బావగారు "జీతమిచ్చి మరీ ఆడిస్తున్నారే" అని నవ్వారట. నవ్వరూ మరి! ఈ కొట్టు ఎంత పెద్దదంటే, బిల్లు కౌంటరు వాళ్ళు అడిగిన సరుకు ఆ చివర నుంచి నడిచి తెస్తే ఆలస్యమని మా కాళ్ళకి చక్రాలు తగిలించారు. ఆగడానికి మడమ దగ్గర ఒక రబ్బరు ముక్క ఉంటుంది. తెల్లటి నేల మీద దానివల్ల నల్ల గీతలు పడుతున్నాయని మా సూపర్‌వైజరు అన్నీ పీకించేశాడు. మొన్న తోపుడుబండితో ఒక ముసలావిడ అడ్డొస్తే, ఆగలేక పక్కకి తిరిగి రంగు డబ్బాల మీద పడ్డాను. ఆ మహానుభావుడు పరుగెత్తుకొచ్చి ముందు నేల తుడిపించాడు, తర్వాత నన్ను లేపించాడు.

బిల్లు కౌంటరులో పనిచేసే పెద్దావిడే జాలిపడి ఆగడం నేర్పింది. "మోకాళ్ళు వంచు, ఒక కాలు వెనక అడ్డంగా పెట్టి ఈడ్చు. గోడల్ని నమ్ముకోకు తల్లీ" అంది. ఇప్పుడు ఎలాగో ఆగుతున్నాను.

అమ్మ పాత మోకాలి పట్టీ వాడకుండా పడి ఉంటే పంపు. ఎందుకని అడిగితే ఇక్కడ చలి అని చెప్పు. నాన్న కళ్ళ పరీక్ష అయిందా? ఇద్దరికీ నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు. దానికీ స్కేట్లు కొంటానన్నారట బావగారు. కొనమను, భయం లేదు. ఆడుకునే పిల్లల స్కేట్లకి ఆ రబ్బరు ముక్క ఎవరూ పీకరు.

నీ చెల్లి