సిరా చేతులు

అత్తయ్యగారూ,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, అందుకని రాస్తున్నాను. మీ అబ్బాయి నడుం ఆపరేషన్ గాయాన్ని మళ్ళీ విప్పి కడిగారు. చీము తగ్గింది, జ్వరం తగ్గలేదు. ఆసుపత్రిలో కూర్చుని కూర్చుని నా నడుమూ పడిపోయేట్టుంది.

మీరు ఆడపడుచు ఇంటికి వెళ్ళిపోతూ వార్డులో అందరి ముందూ అన్న మాట నన్ను వదలడం లేదు. "ప్రెస్సులో సిరా పూసుకొచ్చిన ఆ చేతులతోనా ఇంట్లో కట్టు మార్చావ్? నువ్వే అంటించావ్ వాడికి!" నర్సమ్మ నేర్పినట్టు సబ్బుతో తోముకునే ముట్టుకున్నానండీ. గోళ్ళలో సిరా ఎంత తోమినా పోదు. అయినా మీ మాటకన్నా ఆయన ఊరుకున్నందుకే ఎక్కువ బాధేసింది. ఇప్పుడు మంచినీళ్ళు కూడా నర్సమ్మ చేతినుంచే తీసుకుంటున్నారు. ఇల్లు చేరాక ఆయన్ని మీకు అప్పగించి ప్రెస్సు వెనక గదిలోకి మారిపోతాను. ఇక నావల్ల కాదు.

మీ కోడలు


అత్తయ్యా,

నిన్న పెద్ద డాక్టరుగారు ల్యాబు రిపోర్టు పట్టుకుని వచ్చారు. "ఈ క్రిమి ఇంకొకరు అంటించింది కాదమ్మా. ఈయన పేగుల్లో ఉన్నదే గాయంలోనూ దొరికింది" అన్నారు. కడుపులోది నడుంలోకి ఏ దారిన పోయిందండీ అన్నాను. ఒక్కోసారి అలా చేరుతుందట, ఆ దారి వాళ్ళకీ పూర్తిగా తెలియదట. తర్వాత మీ అబ్బాయిని అడిగారు: "ఆపరేషన్‌కి ముందు మేం రాయని యాంటీబయాటిక్ మాత్రలేమైనా మింగారా? వాటివల్ల పేగుల్లో మంచి క్రిములు చచ్చి, ఇలాంటి మొండివి బలిసే వీలుంది." ఈయన తల దించుకుని, నేనే కొనుక్కున్నానండీ అన్నారు.

డాక్టరుగారు అటు వెళ్ళగానే ఈయన నా చెయ్యి పట్టుకున్నారు. "అమ్మ ఇచ్చింది. తన పంటి నొప్పికి వాడగా మిగిలినవి. ముందే వేసుకుంటే చీము పట్టదంది. వాటివల్లేనేమోనని మొదట్నుంచీ అనుమానమే. అందుకే నిన్నంటుంటే నోరు పెగల్లేదు. నీ మొహం చూళ్ళేక నర్సమ్మని పిలిచేవాణ్ణి. అమ్మకి చెప్పకు" అన్నారు.

చెప్పేస్తున్నాను. ఇది కూడా నేనే మొయ్యలేను. మీమీద కోపం రావాలి, దానికీ ఓపిక లేదు. కొడుకు మీద ప్రేమకొద్దీ ఇచ్చారని తెలుసు. మందు మార్చారు, జ్వరం దిగుతోంది. గది వద్దని ప్రెస్సులో చెప్పేశాను.

రేపు రండి. సంజాయిషీలు వద్దు, ఏడుపులు వద్దు. ఆయన పక్కన కూర్చుని, నన్ను కాస్త పడుకోనివ్వండి.

మీ కోడలు