ఆరని లప్పం

మస్తాన్ మేస్త్రీ గారికి,

మీరు కన్నుమూసి నేటికి ఏడాది. మిర్చి వ్యాపారి గారి నల్లకారు ఈ ఉదయం మళ్లీ మన షెడ్డుకు రంగుకొచ్చింది. మీ పని పోగొట్టిన కారే.

సొట్టల్లో పూసిన లప్పం ఆరిందో లేదో గోటితో గీసి చూశాకే రంగు కొట్టాలని మీరు నేర్పారు. మీ మాటలన్నీ వరుస సంఖ్యలు వేసి రాసుకున్న నేను, మీరు ఓ శుక్రవారం నమాజుకు వెళ్లిన వేళ, నా పనితనం చూపాలన్న తొందరలో గీయకుండానే ఈ కారుకు రంగు కొట్టేశాను. నెల తిరగకుండా రంగు పగిలింది. "ముసలాడికి చూపు పోయింది" అంటూ యజమాని మిమ్మల్ని పొమ్మంటుంటే, నేను తల వంచుకుని స్ప్రే గన్ తుడుస్తూ నిలబడ్డాను.

"ఈసారి గీసి చూసుకోరా, సుబ్బయ్యా" అని మాత్రం అని వెళ్లిపోయారు మీరు.

ఇవాళ వ్యాపారి గారు, "ఆ ముసలాయన చెడగొట్టిన బండేనయ్యా ఇది. నువ్వన్నా సరిగ్గా చెయ్యి" అన్నారు.

"చెడగొట్టింది నేనండీ, ఆయన కాదు" అన్నాను, యజమాని ఎదుటే.

"ఎప్పటి మాటో ఇప్పుడెందుకయ్యా! పని కానియ్యి" అని యజమాని నవ్వేశారు.

ఆనాడు చెప్పి ఉంటే నా పని పోయేది. ఈనాడు చెబితే ఏమీ పోలేదు. అందుకే ఈ ఉత్తరం చివర 'మీ శిష్యుడు' అని రాయడానికి ముఖం చెల్లడం లేదు.

సుబ్బయ్య