నాలుగు గళ్ల సగటు

నా పిడుగు మనవరాలికి,

తాత రాస్తున్నాడు. తప్పులు చూసి నవ్వుకో. అయిదో తరగతిలోనే బడిని వదిలించుకున్నాను. బడే నన్ను వదిలించుకుందంటుంది మీ నానమ్మ.

మొన్న నువ్వు కంప్యూటర్ ముందు కూర్చుని, "తాతా, పట్టికలో అంకెలు వంద నుంచి లక్షల దాకా ఎగబాకుతుంటే మధ్య విలువ కోసం కూడి భాగించకూడదు. సున్నాలకి సగటు కట్టాలి" అన్నావు. "అబ్బో, పంతులమ్మా!" అని నీ జడ లాగాను. ఆ తర్వాత నాకు అన్నం సయించలేదు.

బాయిలర్ గదిలో నేను మేస్త్రీని కదా. అక్కడ గోడకి ఒక పట్టిక ఉండేది. అడ్డంగా వేడి, నిలువుగా ఒత్తిడి, గడిలో ఆవిరి గొట్టం ఎన్ని గంటలు తట్టుకుంటుందో. కొత్త గొట్టానికి మా వేడి, మా ఒత్తిడి సరిగ్గా నాలుగు గళ్ల నడుమ పడ్డాయి. పది లక్షలు, పదివేలు, పదివేలు, వంద. ఇంజనీరు సెలవు. నేనే నాలుగూ కూడి నాలుగుతో భాగించాను. రెండున్నర లక్షలు! "ఇరవై తొమ్మిదేళ్లు బావా, ఇది నీకంటే గట్టిది" అని, ఆ గొట్టం బిగించిన మా చెల్లెలి మొగుణ్ణి ఆటపట్టించాను కూడా.

నీ లెక్కన సున్నాలు ఆరు, నాలుగు, నాలుగు, రెండు. సగటు నాలుగు. పదివేల గంటలు. పద్నాలుగు నెలలకి కాస్త తక్కువ. పద్నాలుగో నెలలోనే అది పగిలింది. బావ దాని కిందే ఉన్నాడు.

నట్లు సరిగా బిగించలేదని తప్పు ఆయన మీదే వేశారు. నా లెక్క తప్పని నాకప్పుడు తెలియదు. కానీ ఆ లెక్క వేసిన కాగితం ఎవరికీ చూపించలేదు. ఎందుకు చూపించలేదన్నదే నన్ను తినేస్తోంది. ముప్పై ఏళ్లుగా రోజూ చెల్లెలింటికి వెళ్లి నవ్విస్తున్నాను.

నీ లెక్కలో తప్పుందని ఒక్క ముక్క రాయి తల్లీ. లేదంటే చెల్లెలికి చెప్పెయ్యాలి.

పనికిమాలిన
తాత

*

పిడుగూ,

నీ జవాబు అందింది. మూడుసార్లు చేసినా తప్పు దొరకలేదన్నావు. వెళ్లి చెప్పేశాను.

చెల్లెలు ఆరిన బట్టలు మడతపెడుతోంది. "అయితే ఆయన సరిగ్గానే బిగించారా అన్నయ్యా?" అంది.

"సరిగ్గానే బిగించాడమ్మా."

మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను.

"అజాగ్రత్త మనిషి, నన్ను ఒంటిదాన్ని చేశాడని ఇన్నేళ్లూ తిట్టుకున్నాను. ఆ తిట్లన్నీ ఇప్పుడెలా వెనక్కి తీసుకోను?"

నాకు ఒక్క జోకూ తట్టలేదు. "నన్ను తిట్టు" అన్నాను. తిట్టలేదు. గుమ్మం దాకా వచ్చి, "రేపట్నుంచి రాకు" అంది, అంతే.

ఇవాళ పొద్దున కాళ్లు అలవాటుగా అటే లాక్కెళ్లాయి. వీధి మలుపులోనే ఆగిపోయాను. చెల్లెలు గుమ్మంలో నిలబడి పక్కింటావిడతో చెబుతోంది, వీధంతా వినేలా: "మా ఆయన పని తెలిసిన మనిషండీ."

అది విని, చప్పుడు కాకుండా వెనక్కి తిరిగాను.

మీ తాత