అమ్మకూ ఇలాగే అయిందట

అక్కా,

నువ్వు తొలి కాన్పులో ఫిట్స్ వచ్చి పోయి నేటికి మూడేళ్లు. ఇప్పుడు నాకు ఏడో నెల. నాయన నన్ను ఆళ్లగడ్డ నుంచి నంద్యాల ఆసుపత్రికి తీసుకొచ్చాడు. బీపీ ఎక్కువగా ఉందని, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా అయిందా అని డాక్టరమ్మ అడిగింది. నీ సంగతి చెప్పాను. నాయన తల దించుకుని, "వీళ్లమ్మ కూడా ఈమె పుట్టిన కాన్పులో ఇట్లే ఫిట్స్ వచ్చి పోయింది" అన్నాడు. జ్వరంతో పోయిందని కదా మనకు చెప్పాడు!

బయటికొచ్చాక నిలదీశాను.

"తెలిస్తే మిమ్మల్ని ఎవురు పెండ్లి చేసుకుంటారు మా?"

"అక్కకు కాళ్లు, మొగం వాచినప్పుడన్నా చెప్పింటే బతికుండేది గదా నాయనా!"

ఆయన ఏడ్చాడు. నేను ఓదార్చలేదు.

కాన్పయ్యేదాకా ఇక్కడే ఉండమన్నారు. కూతురు పుడితే, దాని పెళ్లిచూపుల్లో మీ ఇద్దరి సంగతీ నేనే ముందు చెబుతాను.